పసిపిల్లల చికిత్స – పంచాయతీల పాత్ర

(గ్రామపంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



రోడ్లు, మురుగు కాలువలు, వీధి దీపములు, మంచినీటి పథకములు - వీనిని గూర్చి మీరు ఉదయమునుండి వినుచున్నారు. ఆ విషయములలో మీకు చెప్పదగినంత తెలిసినవారము మేము కాము. మేము చెప్పబోవు సంగతి ఏ పని అంచనాలోను కనిపించునది కాదు. ఆరు నెలలు దాటినను మెడ నిలుపని బిడ్డ, ఏడాది నిండినను కూర్చుండలేని బిడ్డ, రెండేండ్లు వచ్చినను ఒక్క మాటయైన పలుకని బిడ్డ మీ గ్రామమున ఉండవచ్చును. "వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి" అని అవ్వ చెప్పును. ఇంటివారు ఊరట చెందుదురు. ఒక్కొక్కప్పుడు అవ్వ మాట నిజమే యగును. నిజము కానప్పుడు మాత్రము, మెదడు వేగముగా ఎదుగు తొలి మూడేండ్లు ఆ ఊరటలోనే గడచిపోవును.

మేము కన్న ఒక సంగతి ముందుగా మనవి చేసెదము. ఊరి పేరు, మనిషి పేరు అవసరము లేదు. ఒక కూలి తల్లికి మూడేండ్ల కుమారుడు. పుట్టినపుడు వెంటనే ఏడువలేదట. కాళ్లు బిగిసి కత్తెర వలె ఒకదానిపై నొకటి పడును. మెడ వెనుకకు వాలును. దీనిని వైద్యులు సెరిబ్రల్ పాల్సీ అందురు. ఆమె బిడ్డను చంకన వేసికొని పట్టణమునకు నాలుగు మారులు పోయినది. పోయిన ప్రతి దినము కూలి పోయినది, బస్సు ఖర్చు అదనము. ఒక గదిలో ఫిజియోథెరపిస్టు, బిడ్డను నిటారుగా కూర్చుండబెట్టుమనినాడు. మరియొక గదిలో మాటలు నేర్పు స్పీచ్ థెరపిస్టు, ముందు మ్రింగుట కుదురవలెను, మాట తరువాత అనినది. మూడవ గదిలో బరువు తూచి, తక్కువగా నున్నాడు, ఎక్కువ పెట్టుమనినారు. నాలుగవ పర్యాయము పోయినపుడు, ఈడు వచ్చుచున్నది, బడి సంగతి చూడుమనినారు. ప్రతి గదిలోను ఒక చీటి వ్రాసి యిచ్చినారు. ఒకరి చీటి నొకరు చూడలేదు.

ఇంటివద్ద జరిగినదేమి? ఆమె బిడ్డను ఒడిలో పరుండబెట్టి అన్నము పెట్టుచుండెను. తల వెనుకకు వాలియున్నపుడు పెట్టిన ముద్ద గొంతులో దారి తప్పి ఊపిరిగొట్టము వైపునకు పోవును. బిడ్డ పొలమారి నీలబడును. ఆమె భయపడి జావను నీళ్లవలె పలుచన చేసినది. పలుచని జావ గొంతులో మరింత వేగముగా జారును; పొలమారుట తగ్గలేదు, కడుపు నిండలేదు. బరువు తగ్గినది. బరువు తగ్గిన బిడ్డకు వ్యాయామము చేయు ఓపిక ఎక్కడిది? అయిదవ మారు ఆమె పట్టణమునకు పోలేదు. మేము అడుగగా ఆమె చెప్పిన మాట ఇది: "అయ్యా, అందరూ మంచే చెప్పారు. ఏది ముందు చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలేదు."

ఆ తరువాత కుదిరినది గొప్ప వైద్యమేమియు కాదు. మండల కేంద్రములోని భవిత కేంద్రపు ప్రత్యేకోపాధ్యాయురాలు పట్టుబట్టి, ఫిజియోథెరపిస్టును, స్పీచ్ థెరపిస్టును ఒకే దినమున, ఒకే గదిలో కూర్చుండునట్లు చేసినది. ఆ దినమున అంగన్‌వాడీ కార్యకర్తను కూడ పిలిపించినది. అందరు కలిసి చేసిన మొదటి పని, ఆ తల్లి బిడ్డకు అన్నము పెట్టుచుండగా చూచుట. అంతవరకు ఎవరును దానిని చూచియుండలేదు. పావుగంటలో సంగతి తేటతెల్లమైనది. కూర్చుండుట కుదిరినగాని మ్రింగుట కుదురదు. మ్రింగుట కుదిరినగాని బరువు పెరుగదు. ఎవరి పని ముందో, ఎవరిది తరువాతనో అక్కడనే నిర్ణయమైనది.

అయితే కూర్చుండబెట్టుటకు కుర్చీ యేది? ఇక్కడ అయిదవ వృత్తివాడు ప్రవేశించినాడు. అతడు ఆ ఊరి వడ్రంగి. రెండు పలకలను గోడమూల వలె కలిపి వీపునకు ఆనునట్లు చేసిన దానిని మూల కుర్చీ యందురు. అందులో కూర్చుండినపుడు భుజములు ముందునకు వచ్చును, తల వెనుకకు వాలుట తగ్గును. తొడల నడుమ నిలిపిన చిన్న మొద్దు కాళ్లు ముడిపడకుండ ఆపును. పిరుదుల నుండి మోకాలి వెనుకవరకు ఎంతయో పీట లోతంత. మోకాలి నుండి అరికాలివరకు ఎంతయో పీట ఎత్తంత. పాదములు గాలిలో వ్రేలాడరాదు. ఎదుట ఒక బల్ల, దానిపై గిన్నె. ఫిజియోథెరపిస్టు కొలతలు చెప్పగా, పాత తలుపు చెక్కతో వడ్రంగి దానిని రెండు దినములలో చేసినాడు. మూలలు నునుపు చేసి, చీలికలు గ్రుచ్చుకొనకుండ పాత బొంత గుడ్డ చుట్టినాడు. ఆ ఉపాయము అతనికి ఎవరును చెప్పలేదు. చెంచా పైనుండి గాక ఎదురుగా, గడ్డమునకు కొంచెము దిగువనుండి అందింపవలెనని స్పీచ్ థెరపిస్టు నేర్పినది. బాలామృతమును చెంచానుండి జారిపోనంత చిక్కగా కలుపుట అంగన్‌వాడీ కార్యకర్త చూపినది. నెలనెల బరువు తూచి వ్రాయు పని కూడ ఆమెయే తీసికొనినది.

ఆ బాలుడు నడచినాడని మేము చెప్పబోము. నడువలేదు. మేము మరల పోయినపుడు ఆ కుర్చీలో కూర్చుండి తినుచుండెను, ఒడలు కొంచెము పట్టినది, కావలసిన వస్తువు వైపు చేయి చాచుచుండెను. తల్లి తిరిగి కూలికి పోవుచున్నది. ఆ యింటిలో ఇది చిన్న మార్పు కాదు.

ఇప్పుడు ప్రభుత్వ ఏర్పాటులను గూర్చి కొంత మనవి. 2013వ సంవత్సరమున కేంద్ర ప్రభుత్వము రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమును ఆరంభించినది. పుట్టుకతో వచ్చు లోపములు, వ్యాధులు, పోషక లోపములు, ఎదుగుదలలో ఆలస్యము - ఈ నాలుగింటిని పుట్టుకనుండి 18 ఏండ్లవరకు గల పిల్లలలో కనిపెట్టుట దీని ఉద్దేశము. ఆయుష్ వైద్యులు, ఫార్మసిస్టు, ఏ.ఎన్.ఎం. గల సంచార బృందము అంగన్‌వాడీలకు ఏటికి రెండు మారులు, ప్రభుత్వ పాఠశాలలకు ఒక మారు రావలెనని నియమము. వారు కనిపెట్టిన పిల్లలకు జిల్లాస్థాయిలో సత్వర చికిత్సా కేంద్రము కలదు. పిల్లల వైద్యుడు, ఫిజియోథెరపిస్టు, వినికిడి మరియు మాటల నిపుణుడు, కంటి పరీక్షకుడు, మనస్తత్వ నిపుణుడు, ప్రత్యేకోపాధ్యాయుడు ఒకే కప్పు క్రింద నుండవలెనన్నది దాని రూపకల్పన. అన్ని చోట్ల అన్ని ఉద్యోగములు నిండియున్నవని చెప్పుటకు మాకు నోరు రాదు. నిండిన చోటను, ఒకే కప్పు క్రింద నున్నంత మాత్రమున ఒకే మాటపై నుందురనుకొనరాదు.

చికిత్స విస్తరించుటయనగా మరియొక భవనము, మరికొన్ని యంత్రములు అని మనలో పెక్కుమంది తలచెదరు. ఒక లెక్క చూడుడు. వారమునకు 168 గంటలు. అందులో చికిత్సకుని చేతిలో బిడ్డ ఉండునది అర గంట, మించిన ఒక గంట. మిగిలిన గంటలన్నియు తల్లి, అవ్వ, అక్క, అంగన్‌వాడీ కార్యకర్త చేతులలోనే గడచును. ఆ చేతులకు పని నేర్పినప్పుడే చికిత్స విస్తరించినట్లు. అయిదుగురు నిపుణులు అయిదు విధముల చెప్పిన తల్లి ఏదియు చేయలేదు. అయిదుగురు కూర్చుండి, ఈ నెలకు ఈ రెండు పనులు చాలునని ఏకమాటగా చెప్పిన తప్పక చేయును.

వంకర పాదముల సంగతియు ఇట్టిదే. పాదము లోపలికి తిరిగి పుట్టిన బిడ్డకు పూర్వము పెద్ద శస్త్రచికిత్సలు చేయుచుండిరి. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఇగ్నాసియో పాన్సెటి అను వైద్యుడు, పాదమును మెల్లగా సరిచేయుచు వారమున కొక పిండికట్టు మార్చు పద్ధతిని రూపొందించెను. నేడు లోకమంతట దానినే అనుసరించుచున్నారు. సాధారణముగా అయిదారు కట్లతో పాదము దారికి వచ్చును; పెక్కుమందికి మడమ నరమున చిన్న కోత అవసరమగును. ఇంతవరకు వైద్యుని పని. ఆ పిమ్మట కడ్డీతో కలిపిన జోళ్లను మూడు నెలలు దినమునకు 23 గంటలు, తరువాత సుమారు నాలుగేండ్ల వయస్సు వరకు నిద్రించునపుడు తొడుగవలెను. పాదము తిరిగి వంగుటకు ముఖ్యకారణము ఈ జోళ్లు మానుటయే. బిడ్డ ఏడ్చిన తల్లి విప్పివేయును, ఇరుగుపొరుగువారు "పసివాడికి ఈ సంకెళ్లేమిటమ్మా" అందురు. ఆ మాటకు బదులు చెప్పి తల్లికి ధైర్యమిచ్చునది ఆశా కార్యకర్త. వైద్యుడు ఆరు వారములలో సాధించినదానిని నిలుపునది ఆమె నాలుగేండ్ల ఓపిక. వారిరువురు ఒకరి నొకరు ఎరుగకపోయిన అది సాగునా?

పనులు పంచుకొనుటకు హద్దులు కూడ కలవు. రోగనిర్ణయము అంగన్‌వాడీ కార్యకర్త పని కాదు. అనుమానించుట ఆమె పని. తిరువనంతపురములో 1987లో స్థాపితమైన శిశు వికాస కేంద్రము వారు 17 అంశములతో ఒక పట్టికను సిద్ధపరచిరి. రెండేండ్ల లోపు బిడ్డ వయస్సు వద్ద నిలువు గీత గీసి, ఆ గీతకు ఎడమ ప్రక్క అంశములలో ఏదైన బిడ్డ చేయలేకున్న వైద్యునికి చూపవలెను. కొద్ది నిమిషముల పని. పెద్ద పరీక్షను పెద్ద వైద్యులే చిన్నది చేసి గ్రామ కార్యకర్త చేతికందించుట మా దృష్టిలో నిజమైన సహకారము. ఇక బిగిసిన కాళ్లను బలవంతముగా లాగుట, నాటు మర్దనలు, వాతలు పెట్టుట ఎవరు చేసినను ఆపవలసినవే. వాతలు పెట్టించిన తల్లిదండ్రులను నలుగురిలో నిందింపకుడు. నిందించినచో మరుసటిసారి బిడ్డను దాచెదరు.

మా తప్పు కూడ ఒకటి ఒప్పుకొనవలెను. పిల్లల ఎదుగుదలలో ఆలస్యము కనిపించిన వెంటనే జిల్లా కేంద్రమునకు తీసికొని పొండని మేము రంగుల గోడపత్రములు వేయించితిమి. నవ్వుచున్న బిడ్డ బొమ్మ చక్కగా వచ్చినది. ఏ దినమున పోవలెనో, ఎవరు ఆ దినమున ఉందురో అందులో లేదు. మేము చెప్పిన తల్లి నాలుగు మారులలో ఒక మారు, మాటల నిపుణురాలు శిబిరమునకు పోయిన దినమున పోయి ఊరక తిరిగివచ్చినది. ఆ పత్రము ఆమె వీధి గోడపైననే ఉండెను.

మరి పంచాయతీ చేయదగినదేమి? 1992లో రాజ్యాంగమునకు జరిగిన 73వ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము 23వ అంశము, స్త్రీ శిశు అభివృద్ధి 25వ అంశము, వికలాంగుల సంక్షేమముతో కూడిన సాంఘిక సంక్షేమము 26వ అంశము. కావున ఇది ఇతర శాఖల పనియని త్రోసివేయుటకు వీలులేదు. వైద్య శాఖ అధికారి విద్యా శాఖవారిని ఒక బల్ల వద్దకు రమ్మని ఆజ్ఞాపింపలేడు; అంగన్‌వాడీ మరియొక శాఖది. సర్పంచి పిలిచినచో ముగ్గురును వత్తురు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ సంఘము ఆ పిలుపునకు తగిన చోటు. నెలకొక పర్యాయము, ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం., అంగన్‌వాడీ కార్యకర్త, భవిత ఉపాధ్యాయురాలు తమ తమ జాబితాలను ప్రక్కప్రక్కన పెట్టి చదువవలెను. ఒకరి జాబితాలో ఉండి మరియొకరి జాబితాలో లేని బిడ్డయే మీరు వెదుకవలసిన బిడ్డ. బిడ్డకు ఒకే పుస్తకము ఉంచి, ప్రతి నిపుణుడు అందులోనే వ్రాయునట్లు కోరుడు. ఇద్దరు ముగ్గురు పిల్లలున్నచో ఒకే దినమున ఒకే ఆటోలో పంపుటకు ఏర్పాటు చేయవచ్చును. వడ్రంగి కూలి, చెక్క ఖర్చు పంచాయతీకి భారము కాదు.

సదరము సర్టిఫికేటును గూర్చి ఒక్క మాట. దానిని ఇప్పించుటలో మీలో అనేకులు శ్రమపడుచున్నారు, పింఛను రావలసినదే. కాని కాగితము చేతికి వచ్చిన దినముననే చికిత్స ముగిసినదని తలంచు కుటుంబములను మేము చూచితిమి. చికిత్స సాగినచో శాతము తగ్గి పింఛను పోవునేమో యని ఒక తండ్రి మాతో మెల్లగా అడిగినాడు. అతని భయము నవ్వదగినది కాదు. అతని ఇంటి పరిస్థితి అట్టిది. అట్టివారివద్దకు మీరు స్వయముగా పోయి కూర్చుండి మాటలాడవలెను. మా గోడపత్రము ఆ పని చేయలేదు.

ఈ పర్యాయము వేయించిన పత్రములలో బొమ్మను చిన్నది చేసి, క్రింద మూడు గడులు ఖాళీగా వదలితిమి: ఏ దినము, ఏ గంటకు, ఎవరెవరు ఉందురు. ఆ గడులను మీ మండలపు భవిత కేంద్రమున, జిల్లా కేంద్రమున విచారించి, మీ చేతితోనే నింపవలెను. దినము మారినపుడు దిద్దవలెను. ఊరికి పది చొప్పున కట్టలు కట్టి వెలుపల బల్లపై నుంచినాము. భోజనమునకు పోవునపుడు తీసికొనగోరుచున్నాము.