చైను వైపు నుంచి మొదలుపెడదాం



గోదావరికి ఇవతల పాత కరీంనగర్ జిల్లా, అవతల పాత ఆదిలాబాద్ జిల్లా. 2016లో రెండూ విడిపోయి కొత్త జిల్లాలయ్యాయి గానీ, సైకిలు ముచ్చట వచ్చేసరికి రెండింటిదీ ఒకటే కథ. బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని బొగ్గు బాయిలకు షిఫ్టు మీద పోయినవాళ్ళు, కాగజ్‌నగర్ మిల్లుకు పోయినవాళ్ళు, సిరిసిల్లలో మగ్గాల మీదికి పోయినవాళ్ళు, పల్లెబడుల పంతుళ్ళు, పోస్ట్‌మన్లు అందరూ తొక్కింది ఒకే తరహా బండి. 28 అంగుళాల చక్రాలు, రాడ్డు బ్రేకులు, ఒకే ఒక్క గేరు. ముందు ఇంగ్లండు నుంచి రాలే, బీఎస్‌ఏ, హెర్క్యులిస్ వచ్చాయి. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లుధియానాలో హీరో మొదలయ్యాయి. అసన్సోల్‌లో సేన్-రాలే కూడా ఆ కాలందే. పేర్లు వేరైనా బండి కట్టుబడి ఇంగ్లీషు రోడ్‌స్టర్‌దే.

ఆ బండ్లు ఇప్పుడు అటకల మీద, పశువుల కొట్టాల్లో ఉన్నాయి. తాతది, నాయినది అని పిల్లలు బయటికి తీస్తున్నారు. చూస్తే నాకు చాలా సంతోషమేస్తుంది. అయితే తీసిన మర్నాడే రంగు డబ్బా కొంటున్నారు. తళతళలాడే బండి మీద ఎక్కి నాలుగు అడుగులు తొక్కేసరికి కిందినుంచి టక్కుమంటుంది, చైను జారుతుంది, బండి మళ్ళీ గోడకు చేరుతుంది. అందుకే ఇవాళ రంగు గురించి చెప్పను. పెడలు మీద పెట్టిన బలం వెనక చక్రానికి చేరే దారి గురించే చెప్తాను. ఈ దారిలో చప్పుడు వినబడేది ఒకచోట, రోగం ఉండేది ఇంకోచోట. అది పట్టుకోకుండా సామాను మార్చుకుంటూ పోతే డబ్బూ పోతుంది, పాత బండిలో పాతదేమీ మిగలదు.

ముందు కాటర్ పిన్ను, అంటే పెడలు క్రాంకును ఇరుసుకు పట్టి ఉంచే పిన్ను. పెడలు చుట్టు తిరిగిన ప్రతిసారీ ఒకేచోట టక్కుమంటే చాలామంది చైను మీద అనుమానపడతారు. చైను తప్పయితే చప్పుడు అలా చుట్టుకొకసారి లెక్కగా రాదు. రెండు క్రాంకులూ నేలకు సమంగా వచ్చేలా పెట్టి, రెండు చేతులతో రెండు పెడళ్ళనూ కిందికి నొక్కండి. తర్వాత అర చుట్టు తిప్పి మళ్ళీ నొక్కండి. ఏ వైపైనా కాస్త కదిలి ఆగితే ఆ వైపు కాటర్ అరిగింది. రెండు క్రాంకులూ ఒకే గీతలో లేకపోయినా అదే అర్థం.

దాన్ని తీయడంలోనే పని తెలిసిన చెయ్యి బయటపడుతుంది. ముందురోజు రాత్రే నూనె పెట్టండి, జంగు లోపలిదాకా నానాలి. నట్టు పూర్తిగా విప్పకండి. పిన్ను కొసతో సమంగా వచ్చేదాకా వదులు చేసి ఆపండి, అప్పుడు సుత్తె దెబ్బకు మర చెడదు. క్రాంకు కింద మందపాటి ఇనుప గొట్టం ముక్క నిలబెట్టండి. పిన్ను తల ఆ బోలులోకి దిగాలి, గొట్టం అడుగు గట్టి నేల మీద ఆనాలి. ఇక బరువైన సుత్తెతో సూటిగా ఒకటే దెబ్బ. మెల్లగా ఇరవై దెబ్బలు కొడితే పిన్ను వంగుతుంది. కింద ఆధారం లేకుండా కొడితే ఆ దెబ్బంతా ఇరుసు మీదుగా, అది తిరిగే బీబీ (బాటమ్ బ్రాకెట్) కప్పులోని పావు అంగుళం బాల్సుకు తగిలి, కప్పులో గుంటలు పడతాయి. తర్వాత ఎంత గ్రీజు పెట్టినా ఆ గరగర పోదు.

కొత్త పిన్ను తెచ్చాక దాని చదును ముఖానికి దీపం మసి రాసి ఒకసారి దిగ్గొట్టి, తీసి చూడండి. మసి ముఖమంతా చెరిగితే ఇరుసుకు సరిగ్గా కూర్చున్నట్టు. ఒక అంచునే చెరిగితే ఆకురాయితో ఆ అంచును రెండు మూడు సార్లు తాకించి మళ్ళీ చూడండి. రెండు పిన్నులూ ఎదురెదురు దిశల్లో దిగాలి. బిగించేది సుత్తె, నట్టు కాపలాకే. కొద్ది దూరం తొక్కి వచ్చాక ఇంకో దెబ్బ వేసి నట్టు మళ్ళీ బిగించాలి. ఈ రెండో బిగింపు మానేసినందుకే కొత్త కాటర్లు నెల తిరక్కుండా పాడవుతాయి.

ఇక చైను. 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ పేటెంటు తీసుకున్న బుష్ రోలర్ చైనే ఈనాటికీ మన బండ్ల మీద తిరుగుతోంది. పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అర అంగుళం. చైను సాగింది అంటాం గానీ ఇనుము సాగదు. ప్రతి కీలు దగ్గరా పిన్ను, దాని చుట్టూ ఉన్న బుష్ అరుగుతాయి. స్టీలు స్కేలు తీసుకుని పిన్ను నుంచి పిన్నుకు 24 కీళ్ళు కొలవండి. కచ్చితంగా 12 అంగుళాలు ఉండాలి. అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చే రోజు దగ్గర పడింది. ఎనిమిదో వంతు పెరిగితే వెనక చక్రం ఫ్రీవీలు పళ్ళను కూడా తినేసింది. అప్పుడు చైను ఒక్కటే కొత్తది వేస్తే అది పాత పళ్ళ మీద కూర్చోదు, బలంగా తొక్కగానే ఎగిరి జారుతుంది. కొత్త చైను నాసిరకం అని దుకాణం వాణ్ణి తిట్టకండి. ఆ రెండూ జంటగా అరుగుతాయి, జంటగానే మార్చాలి.

మన నేల కూడా ఇందులో ఒక చెయ్యి వేస్తుంది. ఆదిలాబాద్ పత్తి చేలల్లో వానాకాలం నల్లరేగడి మడ్‌గార్డులో, చైను కవర్లో ముద్దలు కడుతుంది. గనుల ఊళ్ళల్లో బొగ్గు పొడి నూనెతో కలిస్తే సానపెట్టే ముద్దే. చైనును గాసునూనెలో కడిగి, ఆరబెట్టి, ఒక్కో కీలుకూ ఒక్కో చుక్క పలచని నూనె వేసి, పైన కారినదంతా గుడ్డతో తుడిచెయ్యండి. నూనె కీలు లోపల ఉండాలి. పైన మెరిసే నూనె దుమ్మును పిలుస్తుంది. లింకు క్లిప్పు మూసి ఉన్న కొస చైను ముందుకు పోయే దిశలో ఉండాలి. తెరిచిన కొస ముందుకుంటే కవరుకు తగిలినప్పుడు ఊడిపోతుంది.

చైను బిగింపు ఒక్కచోట చూసి వదిలెయ్యకండి. పెడళ్ళ దగ్గరి పాత చైన్ వీలు పూర్తి గుండ్రంగా ఉండదు. పెడలు మెల్లగా తిప్పుతూ ఎక్కడ బాగా బిగుసుకుంటుందో చూసి, అక్కడ పైకీ కిందికీ కలిపి అర అంగుళం ఆడేలా వెనక ఇరుసు జరపండి.

ఫ్రీవీలు లోపల రెండు కొక్కేలు, వాటికి సన్నని స్ప్రింగులు ఉంటాయి. కాలు ఆపినా పెడళ్ళు తిరుగుతుంటే, పెడలు ఊరికే జారుతుంటే చాలాసార్లు విరిగిందేమీ ఉండదు, ఎండిన జిడ్డులో కొక్కెం ఇరుక్కుని ఉంటుంది. బండిని పక్కకు పడుకోబెట్టి సందులో గాసునూనె పోసి తిప్పుతూ కడిగితే చాలావరకు ప్రాణం వస్తుంది. ఆ తర్వాత పలచని నూనె మాత్రమే. అక్కడ గ్రీజు పెడితే కొక్కేలు మళ్ళీ అంటుకుంటాయి. విప్పక తప్పకపోతే కింద తెల్లగుడ్డ పరచండి, లోపలి బాల్సు ఎనిమిదో వంతు అంగుళానివి, నేల మీద పడితే దొరకవు. పై మూతది ఉల్టా థ్రెడ్డు. ఎడమ పెడలుదీ ఉల్టాయే, బీబీ కుడి కప్పుదీ ఉల్టాయే. తిరిగే బేరింగు తన మరను తానే విప్పుకోకుండా ఈ ఏర్పాటు చేశారు. ఇది తెలియక పానా మీద బరువంతా వేసి బిగించి మరను చంపినవాళ్ళు ఎందరో.

అసలు ఇంగ్లండు రాలే బండి దొరికినవాళ్ళకు ఇంకో మాట. మిగతా ఇంగ్లీషు బండ్ల బీబీ కప్పులకు అంగుళానికి 24 చుట్ల మర ఉంటే, నాటింగ్‌హామ్ రాలే తన కప్పులకు 26 పెట్టుకుంది. బజారులో దొరికే కప్పు రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటే అక్కడే ఆపండి. బలవంతం చేస్తే పోయేది ఫ్రేము.

ఏది మార్చాలి, ఏది ఉంచాలి అని నన్ను తరచూ అడుగుతారు. కాటర్లు, చైను, బాల్సు, ఫ్రీవీలు అరగడానికే పుట్టాయి, సంకోచం లేకుండా మార్చండి. చైన్ వీలు మాత్రం పళ్ళు కొక్కేల్లా వంగిపోతే తప్ప మార్చొద్దు. రాలే చైన్ వీలులో కొంగ తలలు కోసి ఉంటాయి, బీఎస్‌ఏ చైన్ వీలులో ఆ మూడు అక్షరాలే ఉంటాయి. రంగు పోయినా, స్టిక్కరు చెరిగినా బండి ఎవరిదో చెప్పేది అదే. దాన్ని పాత ఇనుము కింద తూకానికి వేసి మొహం లేని కొత్త చక్రం బిగించిన బండ్లు చూస్తే నాకు నిజంగా బాధ.

ఇంకో బాధ కూడా ఉంది. నేను చెప్పిందంతా ఈ హాలులో ముందు వరుసలో కూర్చున్న సైకిలు మెకానిక్ అన్నల చేతుల్లో ఉంది, ఎక్కడా రాసి లేదు. వాళ్ళ కొడుకులు వేరే పనుల్లోకి పోయారు. పాలిటెక్నిక్ పిల్లలూ, మీ దగ్గర ఫోన్లున్నాయి. ఒక్కో దుకాణానికి పోయి ఒక్కో పని వీడియో తీయండి, మాట కూడా రికార్డు చేయండి, ఏ పనిముట్టును ఏమంటారో వాళ్ళ నోటితోనే చెప్పించండి.

బల్ల పక్కన మూడు బండ్లు పెట్టాం. మూడింటికీ ఎడమ కాటర్లు జంగుపట్టి ఉన్నాయి, రాత్రే నూనె పెట్టించాం. గొట్టం ముక్క, రెండు కిలోల సుత్తె ఇక్కడే ఉన్నాయి. ముందు వరుసలోని అన్నలు వచ్చి మొదటి రెండు తీసి చూపిస్తారు. మూడోది పిల్లల్లో ఎవరు తీస్తారో చెయ్యెత్తండి.