ఒకే తరగతి పిల్లలు

పోలండు నాటకకర్త తదేవుష్ స్వొబొజానెక్ రచించిన ‘మన తరగతి’ యను నాటకమును గూర్చి నాలుగు మాటలు విన్నవించుకొనెదను. పదునాలుగు పాఠములుగా విభజింపబడిన యీ కృతికి 2010లో ఆ దేశపు ప్రఖ్యాతమైన నీకే పురస్కారము లభించినది. ఇందలి పాత్రలు పదిమంది సహాధ్యాయులు: ఐదుగురు కతోలికులు, ఐదుగురు యూదులు. తమ తండ్రులు చేయు పనులను, పెద్దయైన పిమ్మట తాము ఏమి కాగోరుదురో ఆ కోరికలను పిల్లలు ఒకరి వెంట నొకరు చెప్పుకొను తొలిపాఠమును చదువునప్పుడు, ముందు జరుగబోవునది ఎరిగియుండుటచేత, నాకు పుట త్రిప్పుటకు చేయి రాలేదు.

దీనికి మూలము యెద్వాబ్నె యను చిన్న పట్టణము. 1939 సెప్టెంబరులో సోవియట్ సేనలు ఆ ప్రాంతమున ప్రవేశించి, అనేక కుటుంబములను సైబీరియాకు తరలింపగా, ఆ తరలిపోయినవారిలో యూదులును ఉండిరన్న సంగతి మరుగునపడి, నేరమంతయు యూదుల తలకే చుట్టబడినది. 1941 జూన్‌లో జర్మనులు వచ్చిరి. జూలై 10వ తేదీన, వారి ప్రోద్బలమున, ఊరి పోలండువారే యూదులను ఇండ్లనుండి సంతవీధికి ఈడ్చి, రాళ్లనడుమ మొలచిన గడ్డిని పీకించి, పగులగొట్టిన లెనిన్ విగ్రహమును కొందఱిచేత మోయించి, తుదకు స్త్రీలతోను శిశువులతోను గూడ ఒక ధాన్యపు కొట్టమున మూసి నిప్పుపెట్టిరి. మృతులు 340 మందికి తక్కువ కారని తరువాతి ప్రభుత్వ విచారణ తేల్చినది. అంతకు మునుపు దశాబ్దములపాటు అచ్చటి శిలాఫలకము జర్మనులనే నిందించుచుండెను.

పరిచయము పెరిగినకొలది ద్వేషము తరుగునని మనము సభలలో చెప్పుకొను మాట ఈ ఊరి యెదుట నిలువదు. ఎవరి యిల్లు ఏదియో, ఎవరు ఎచ్చట దాగుదురో, చిన్ననాట దాగుడుమూతలాడినవారికంటె నెవరికి బాగుగ తెలియును? పరదేశపు సైనికుడు అడిగి తెలిసికొనవలసినది పొరుగువానికి పుట్టుకనుండియు తెలియును.

నాటకములో ఆబ్రామను బాలుడు యుద్ధమునకు మునుపే అమెరికాకు వలసపోయి, తరగతి మిత్రులకు ప్రేమతో లేఖలు వ్రాయును. విడిచివచ్చిన ఊరు విడిచిననాటివలెనే యున్నదని నమ్ముకొను ప్రవాసులమైన మనకు ఆ లేఖలను చదువుట మిక్కిలి కష్టము.

నిజముగా జీవించిన ఆంతోనినా విజికోవ్స్కా యను కతోలిక రైతు స్త్రీనిగూర్చి చెప్పక ముగింపలేను. యెద్వాబ్నె చేరువ పల్లెలోనే, తన పశువులకొట్టము క్రింద త్రవ్విన గోతులలో, ఏడుగురు యూదులను రెండేండ్లకు పైగా దాచి, రాత్రివేళ అన్నము పెట్టి బ్రతికించినది. జర్మనులు వెడలిపోయిరి. వారు ఏడుగురును వెలుగులోనికి వచ్చిరి. ఆ సంగతి తెలిసి ఆమెను కొట్టినవారు ఆ ప్రాంతపు పోలండువారే. ఆమె ఇల్లు విడిచి పోవలసివచ్చినది.