శ్రీరంగపట్టణమున చూచినది, మనము చేయవలసినది



గత మాసమున మేము కొందరము కావేరీ తీరమునందలి శ్రీరంగపట్టణమునకు పోయి, అచ్చటి పాత దండు శ్మశానవాటికను చూచి వచ్చితిమి. 1799 నాటి ముట్టడిలో పాల్గొన్న డి మ్యూరన్ పటాలపు అధికారులును, వారి స్త్రీలు, పసిబిడ్డలును అందున్నారు. నేటి స్విట్జర్లాండునందలి న్యూషాటెల్ దొర 1781లో కూర్చిన కిరాయి పటాలమది. రెండువందల యేండ్ల పిమ్మట ఆ దొర వంశీకులే సముద్రములు దాటివచ్చి, శిథిలమైన గోరీలను బాగుచేయించిరి.

అది చూచి మాకు సిగ్గు కలిగినది. మన పేట చివరనున్న తాతముత్తాతల సమాధులను ముండ్లపొదలు కప్పినవి. వానిపై చెక్కిన తెలుగక్షరములను మన పిల్లలు చదువలేరు. రాయి నిలుపుటకు చందా చాలును. అక్షరము నిలుపుటకు ఇంటింట పలక పట్టింపవలెను. ఈ రెండు పనులును వచ్చు ఆదివారముననే మొదలిడుదము.