నాలుగు నవలల మధ్య తిరుగుడు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విశ్రాంత జీవితంలో పుస్తక పఠనం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నిజం చెప్పాలంటే ఈ ఆరు నెలల్లో నేను ఒక్క నవల కూడా పూర్తి చేయలేదు. మొదలుపెట్టినవి మాత్రం నాలుగు. చదవడం గురించి చెప్పే అర్హత లేదు కనుక, చదవలేకపోవడం గురించి చెబుతాను.

పడక్కుర్చీ పక్కన స్టూలు మీద నాలుగూ ఉంటాయి. విశ్వనాథ వారి ‘వేయిపడగలు’, వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’, సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన ‘కొమురం భీము’. పొద్దున ఒకటి, మధ్యాహ్నం కునుకు పట్టకపోతే ఇంకొకటి. పది పుటలు తిరిగేసరికి మనసు నిలవదు. "నాలుగు పొయ్యిల మీద నాలుగు కూరలు పెట్టి ఒక్కటీ దించరు" అని మా ఇంటావిడ ఎత్తిపొడుపు.

‘వేయిపడగలు’ మీద కరీంనగర్ వాళ్లకు కొంత హక్కుందని నా వాదన. విశ్వనాథ వారు 1959లో ఇక్కడి ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చారు. ఆ నవలను ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి తెచ్చిన పి.వి. నరసింహారావు గారి ఊరు వంగర. 2016లో జిల్లాలు విడగొట్టేదాకా అది మన జిల్లాయే. జోడేఘాట్ కూడా అంతే, అప్పుడు ఆదిలాబాద్, ఇప్పుడు కొమురం భీం జిల్లా. మన సర్వీసు రిజిస్టర్లలో మాత్రం పాత పేర్లే ఉన్నాయి.

ఇలా మార్చి మార్చి చదవడంలో ఒక లాభం కనిపించింది. ఈ నవలల కాలాలు ఇంచుమించు ఒకదానికొకటి దగ్గర. సుబ్బన్నపేటలో జమీందారీ, గుడి కూలిపోతున్నాయని ధర్మారావు బాధపడుతున్న రోజుల్లోనే, ఇటు మన ఊళ్లలో దొర గడీ ముందు వెట్టివాళ్లు నిలబడి ఉన్నారు. అటు అడవిలో భూమి కోసం గోండులు నిలబడ్డారు, 1940లో జోడేఘాట్‌లో భీమును నిజాం పోలీసులు కాల్చి చంపారు. ఒక్కటే చదివితే ఒక్క ఊరే లోకమనిపిస్తుంది.

నా తిరుగుడుకు వయసు, కళ్లు, టీవీ కారణమనుకున్నాను. శుక్లాల ఆపరేషన్ తరువాత కళ్లు బాగానే ఉన్నాయి. తరువాత గమనించాను: ‘చిల్లర దేవుళ్లు’ను ప్రతిసారీ కరణం వచ్చే పుటల దగ్గరే మూస్తున్నాను.

మా తాత ఒక పట్వారీ దగ్గర లెక్కలు రాసేవాడు. ముత్యాల్లాంటి దస్తూరి. అది మా ఇంటిల్లిపాదికీ గర్వం. నా దస్తూరి అచ్చం ఆయనదే అనేవారు, ఆఫీసులో నోట్ ఫైళ్లు నా చేతే రాయించేవారు. ఆ దస్తూరితో ఆయన ఏం రాశాడని మేమెవరమూ అడగలేదు.

మా మేనత్త తొంభై దాటి ధర్మపురిలో ఉంది. పోయిన నెల వెళ్లి అడిగాను.

"మా బాపు రాసేటోడు కొడుకా, కొట్టేటోడు గాదు" అంది. కాసేపాగి, "ఎవరి వంతో రాసిస్తేనే గదా, వాళ్లను పట్టుకొచ్చేది" అని తనే అంది. తరువాత చాయ్ పెట్టమని కోడలికి చెప్పింది. నేనూ ఇంకేమీ అడగలేదు.

తిరుగు బస్సులో ‘చిల్లర దేవుళ్లు’ తీశాను. కరీంనగర్ బస్టాండు వచ్చేసరికి ఆ పుటలు దాటాను. పుస్తకం ఇంకా అయిపోలేదు, మూడో వంతు మిగిలింది. ఈసారి మధ్యలో వేరేది తీయలేదు.

రంగాచార్య గారు ఆ వరుసలోనే ‘మోదుగుపూలు’, ‘జనపదం’ రాశారు. ‘మోదుగుపూలు’ నా దగ్గరుంది. ‘జనపదం’ మీలో ఎవరింట్లోనైనా ఉంటే నెల రోజులకు ఇప్పించండి. అట్ట వేసి తిరిగి ఇస్తాను.

సెలవు.