మందులకు లొంగని విషాదరోగము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



తిరుపతి క్షేత్రమున సమావేశమైన యీ సభయందు విద్యావేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు పెద్దలు ముచ్చటించిరి. మన యిండ్లలో తలుపులు మూసికొని మాటలాడుకొను నొక వ్యాధిని గూర్చి మేము విన్నవింపదలచితిమి. దానిని నేడందఱు డిప్రెషను అనుచున్నారు.

విషాదమనగానే మాకు గీతయందలి మొదటి యధ్యాయమే స్ఫురించెడిది. అర్జునుని విషాదమునకు హేతువు కన్నులయెదుట నుండెను. అది మాటలతో తీఱెను. మాటలతో తీఱని విషాదమొకటి కలదని ముసలితనమున గాని మాకు తెలియలేదు. రోగమును పెంచువానిలో విషాదము మొదటిదని చరకుడు చెప్పియున్నాడు. ఆ వాక్యమును బాలురచేత వల్లెవేయించితిమే గాని దాని లోతు నెఱుగమైతిమి.

మా పూర్వశిష్యుడొకడు చంద్రగిరి ప్రాంతమున మామిడితోట గలవాడు. కాయ కోతకు వచ్చినను తోటకు పోక, గోడవైపు తిరిగి పండుకొనియుండెను. మేము పోయి ధైర్యము చెప్పి స్తోత్రపఠనము చేయుమంటిమి. "అయ్యవారూ, ధైర్యము లేక కాదు. దప్పి యగుచున్నను చేయి చాచి చెంబు నందుకొనలేకున్నాను" అనెను. అవి వాని చెల్లెలికి సంబంధము కుదురుచున్న దినములు. సంగతి బయటపడునను భయమున ఇంటివారు రెండేండ్లు దాచిరి. దాచుడని సలహా చెప్పినవారిలో మేమును ఒకరము. ఆ తప్పు ఒప్పుకొనుటకే నేడు లేచితిమి.

తరువాత రెండు విధముల మాత్రలు, తగిన మోతాదున, వారములకొలది వాడినను గుణము కానరాలేదు. ఇక కర్మమని బంధువులనిరి. వైద్యులట్లనరు. రెండు మందులు సరిగా వాడినను తగ్గనిదానిని వారు చికిత్సకు లొంగని డిప్రెషను అని వేఱుగా గుర్తించి, వేఱు మార్గములు వెదకుదురు.

వానిలో నొకటి కెటమైన్. 1962లో అమెరికాయందు పార్క్-డేవిస్ సంస్థకొఱకు కాల్విన్ స్టీవెన్స్ అను రసాయనవేత్త దీనిని సిద్ధపఱచెను. 1970లో అక్కడ మత్తుమందుగా అనుమతి పొందెను. శస్త్రచికిత్సలయందు నేటికిని వాడుచున్నారు. 2000లో యేల్ విశ్వవిద్యాలయ వైద్యులు కొలదిమంది విషాదరోగులకు స్వల్పమోతాదును 40 నిమిషములపాటు నరమునకెక్కించి, మూడు దినములలోనే విషాదము తగ్గుట గమనించిరి. సాధారణ మాత్రలు సెరొటోనిన్ మున్నగువానిపై పనిచేసి వారములు పట్టించును. ఇది మెదడునందలి గ్లూటమేట్ అను వేఱొక ద్వారమున ప్రవేశించును. 2023లో ప్రకటితమైన అమెరికా పరిశోధనలో చికిత్స పొందిన 365 మందియందు, కెటమైన్ తీసికొన్నవారిలో నూటికి 55 మందికిని, విద్యుచ్చికిత్స పొందినవారిలో 41 మందికిని వ్యాధి సగమైనను తగ్గెను. భ్రాంతులతో కూడిన రోగులను ఆ పరిశోధనలో చేర్చలేదు. విద్యుచ్చికిత్స యనగానే చలనచిత్రములలోని కరెంటు షాకును తలచి బెదరువారు పెక్కండ్రు. మత్తు ఇయ్యక ఆ చికిత్స చేయుటను మన దేశపు 2017 నాటి చట్టము నిషేధించినది.

ఇది సంజీవని కాదు. ఒక్క మోతాదు ఫలము తఱచుగా కొలది దినములకే సడలును. మరల మరల ఇయ్యవలసివచ్చును. రక్తపుపోటు పెరుగును, కొంతసేపు తాను తన శరీరమునుండి విడిపోయినట్లు తోచును. దుర్వినియోగమైనచో వ్యసనమగును, మూత్రాశయము చెడును. కావున ఆసుపత్రిలో వైద్యుని కన్నులయెదుటనే తీసికొనవలయును గాని ఎవరో తెచ్చియిచ్చిన సీసాతో ఇంటిలో కాదు.

మా శిష్యునకు పొరుగురాష్ట్రమున ఈ చికిత్స జరిగెను. రెండవ మోతాదు పిదప మజ్జిగ అడిగి త్రాగెనట! పదిదినములకు మరల క్రుంగెను, మరల ఇచ్చిరి. ఇప్పుడు మాత్రలు మానలేదు. నెలకొకసారి పోయి వైద్యునితో మాటలాడివచ్చును. మొన్నటి కోతకు తోటలో నిలుచుండెను. చెల్లెలి వివాహమును జరిగినది. వరుని వారికి సర్వము చెప్పియే చేసిరి.

తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసికవైద్య విభాగము గలదు. చిత్తూరువారికి వేలూరు సమీపమున బాగాయములోని సి.ఎం.సి. మానసికారోగ్య కేంద్రము దగ్గర. బెంగళూరున నిమ్హాన్స్ గలదు. 14416 సంఖ్యకు ఫోను చేసినచో తెలుగుననే సలహా యుచితముగా దొరకును. ఏ మందు ఎవరికి తగునో వారు నిర్ణయింతురు.

మా కోరిక ఒక్కటి. సంఘనిధినుండి ఇట్టి రోగులకును, తోడుపోవువారికిని ప్రయాణవ్యయము పేరు వెల్లడింపక ఇచ్చుటకు కార్యవర్గము తీర్మానింపవలయును. మా ఒక నెల పింఛను ఈ యుదయముననే కోశాధికారిగారి చేతికిచ్చితిమి.