అవ్వ కుట్టు, శిల్పి చెయ్యి

 

ఈరోజు ఒక శిల్పి గురించి చెబుతాను. ఆయన పేరు జి. రవీందర్ రెడ్డి. 1956లో సూర్యాపేటలో పుట్టారు. బరోడాలో, లండన్‌లో చదివి, విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీలో శిల్పం నేర్పారు.

శిల్పమంటే మనకు రాయి, కంచు గుర్తుకొస్తాయి. ఆయన ఎక్కువగా వాడింది ఫైబర్ గ్లాసు. పడవలకు, నీళ్ల ట్యాంకులకు వాడే సరుకు అది. ముందు బంకమట్టితో తల చేసి, దానికి అచ్చు తీస్తారు. అచ్చులో గాజు నారను, రెజిన్‌ను పొరలు పొరలుగా వేస్తారు. గట్టిపడ్డాక బయటికి తీసి, నున్నగా రుద్ది రంగు వేస్తారు. కొన్నింటికి బంగారు రేకు అతికిస్తారు. లోపల డొల్ల కాబట్టి ఎంత పెద్ద తలైనా రాతి బరువుండదు.

ఆ తలలు ఎవరివనుకున్నారు? మన వీధుల్లో కనిపించే మామూలు ఆడవాళ్లవి. కొప్పు నిండా పూలు, గుడిలో అమ్మవారికి ఉన్నట్టు విప్పారిన కళ్లు. రోజూ మనం చూసీ చూడకుండా పోయే మనిషిని తలెత్తి చూసేలా చేశారాయన.

ఘనాలో పుట్టి నైజీరియాలో పనిచేసిన ఎల్ అనట్సుయి అయితే మందు సీసాల మూతలను చదును చేసి, రాగి తీగతో కలిపి గోడంత తెరలు చేశారు. 2015లో వెనిస్ బినాలేలో ఆయనకు జీవిత సాఫల్య పురస్కారం ఇచ్చారు.

ఇవి వింటుంటే నాకు మన అవ్వలు గుర్తుకొస్తారు. అద్దం ముక్క, గవ్వ, చెల్లని పైసా, పాత గుడ్డ అన్నీ వాళ్ల రవికల మీదికి, పావడాల మీదికి ఎక్కాయి. రంధ్రం లేని అద్దం గుడ్డ మీద ఎట్లా నిలుస్తుంది? చుట్టూ దారంతో అల్లిన పట్టు వల్ల. ఆ పట్టు మనలో ఎంతమందికి వచ్చు?

ఇప్పుడు ఆ బట్టలు జయంతి రోజు ఫోటోలకే బయటికొస్తున్నాయి. కొందరు తక్కువ ధరకు అమ్ముకుంటున్నారు. బట్ట పోతే మళ్లీ కుట్టుకోవచ్చు. కుట్టు తెలిసిన అవ్వ పోతే ఎవరిని అడుగుతాం?

కళ డబ్బున్నోళ్లకే అనుకోవద్దు. మన వేంపల్లెకు దగ్గర్లో, కడపలోనే డాక్టర్ వైఎస్ఆర్ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. ఇంటర్ అయ్యాక ఆ దారి కూడా చూడండి.

ఈ సెలవుల్లో అవ్వ పక్కన కూర్చుని ఒక్క కుట్టు నేర్చుకోండి. తర్వాత దాన్ని సిమెంటు సంచి మీదో, సైకిల్ ట్యూబు మీదో వేసి చూడండి. ఏమొస్తుందో నాకు తెచ్చి చూపించండి.