రాబెన్ దీవిలో యాంటిగొని



రైలుపట్టా లేని ఈ అండమాన్ దీవులకు విచ్చేసిన రైల్వే సోదరులు ఉదయమే సెల్యులర్ జైలును చూచి వచ్చారు. 1906లో పూర్తయిన ఆ చెరలో ఖైదీకి ఎదుటి ఖైదీ ముఖం కనబడేది కాదు; పగలంతా గానుగ చాకిరీ. అటువంటి మరొక దీవిని గురించి మనవి చేస్తాను.

దక్షిణాఫ్రికాలో, అప్పటి పోర్ట్ ఎలిజబెత్ నగరపు నల్లజాతివాడలో, 1963లో సర్పెంట్ ప్లేయర్స్ అనే నాటక బృందం వెలసింది. అందులోని జాన్ కానీ ఫోర్డ్ మోటారు కర్మాగార కార్మికుడు. వీరు బ్రెక్ట్‌ను, సోఫోక్లిస్‌ను తమ వాడ బ్రతుకులోనికి దింపారు. రాజాజ్ఞను ధిక్కరించి అన్నకు అంత్యక్రియలు జరిపిన యాంటిగొని కథను 1965లో సిద్ధం చేస్తుండగా, నటుడొకడు అరెస్టయి రాబెన్ దీవి జైలు పాలైనాడు. అక్కడ ఖైదీల ఎదుట ఆ నాటకాన్నే క్లుప్తంగా ఆడించాడు.

ఆ వృత్తాంతమే 1973లో 'ది ఐలాండ్' నాటకమైంది. కర్తలు అథోల్ ఫ్యూగార్డ్, కానీ, విన్‌స్టన్ ఎన్‌షోనా. నల్లవారికి 'నటుడు' అన్న ఉద్యోగమే ఆనాటి చట్టంలో లేదు గనుక, కానీ, ఎన్‌షోనాలు కాగితాలమీద ఫ్యూగార్డ్ ఇంటి పనివారు! హోదా కోసం ఏండ్ల తరబడి అర్జీలు పెట్టుకొన్న మనకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. 1975లో ఆ 'పనివారికే' అమెరికాలో ఉత్తమ నటులుగా టోనీ బహుమతి లభించింది.

దీనిని సెల్యులర్ జైలు కథగా మన సంఘ కళాకారులు తెలుగులో ఆడాలని నా ప్రతిపాదన. పరాయి నాటకమంటారా? షేక్స్పియర్ హాస్యనాటకాన్ని వీరేశలింగంగారు 'చమత్కార రత్నావళి'గా ఏనాడో మనది చేశారు. ఖర్చు స్వల్పం. యాంటిగొని కంఠహారం కూడా మేకులు, దారమే. పాత్రలు రెండే, ఆ ఇద్దరికీ ఒకే రోజున సెలవు మంజూరు కావడమే చిక్కు.